పటిక ఎంత వేసినా తేరుకోని నీరు: నాగావళి తీరంలో ఒక సెటిలింగ్ ట్యాంక్ కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లాలో నాగావళి నీటితో నడిచే ఒక రక్షిత మంచినీటి పథకం గురించి రాస్తున్నాను. ఊరి పేరు, ఏడాది, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. కొలతలను కాస్త గుండ్రం చేశాను గానీ వాటి మధ్య లెక్క చెడనివ్వలేదు. వానాకాలంలో ఇలాంటి ఇబ్బంది పడే పథకాలు మన నదుల వెంబడి చాలా ఉన్నాయి. ఆపరేటర్లకూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఈలకూ (అసిస్టెంట్ ఇంజనీర్లకూ) ఇది పనికొస్తుందనే వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

నాగావళి ఒడిశా కొండల్లో పుడుతుంది. అందుకే మన దగ్గర చినుకు పడకపోయినా, పైన రాయగడ వైపు గట్టిగా వాన పడితే ఇక్కడి ఏరు ఎర్రబడుతుంది. గెడ్డలన్నీ (కొండవాగులు) కొండమట్టిని తెచ్చి అందులో కలుపుతాయి. ఎండాకాలంలో పది ఎన్‌టీయూ (నీటి మురికిని కొలిచే ప్రమాణం) కూడా ఉండని నీటి మురికి వరదప్పుడు వందల్లోకి పోతుంది.

పథకం చిన్నదే. రోజుకు 12 లక్షల లీటర్లు, అంటే 1,200 ఘనపు మీటర్లు. ఒడ్డున ఏటి నీటిని తీసుకునే ఇన్‌టేక్ బావి, అక్కడి నుంచి మోటారు, పైపు పడే ఇన్‌లెట్ తొట్టె, ఆపైన మట్టి అడుగుకు దిగే సెటిలింగ్ ట్యాంక్, రెండు ఇసుక ఫిల్టర్లు, సంప్, ఊళ్లకు వెళ్లే ట్యాంకులు. సెటిలింగ్ ట్యాంక్ పొడవు 10 మీటర్లు, వెడల్పు 3, లోతు 3. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి, కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

సమస్య

నన్ను పిలిచేసరికి ఆగస్టు వరదలు నడుస్తున్నాయి. కుళాయిల్లో టీ రంగు నీరు. ఫిల్టర్లు కొన్ని గంటలకే పూడుకుపోతున్నాయి, ఎప్పుడు చూసినా బ్యాక్‌వాష్ (నీటిని ఎదురు పంపి ఫిల్టర్‌ను కడగడం). దానికి తోడు కొత్త ఫిర్యాదు ఒకటి వచ్చింది: నీరు వగరుగా ఉంటోందని.

పాత ఆపరేటర్ పాతికేళ్లుగా అక్కడే పనిచేస్తున్న మనిషి. ఆయన చెప్పిన మాట ఇది: "పటిక ఏసినకొద్దీ నీరు ఇంకా మబ్బుగానే ఉంటంది బాబూ. రెండున్నర బస్తాలు ఏస్తన్నాం. ఇంకేటి సెయ్యాలి?" సగం రోగ నిర్ధారణ ఈ మాటలోనే ఉంది. పటిక చాలకపోతే, పెంచినకొద్దీ కొంతైనా మెరుగు కనిపించాలి. ఇక్కడ కనిపించేది దానికి వ్యతిరేకం.

మురికి చూడ్డానికి బాగోకపోవడం ఒక్కటే కాదు ఇబ్బంది. బంకమట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు క్లోరిన్‌కు దొరక్కుండా దాక్కుంటాయి. వానాకాలంలో విరేచనాలు, కామెర్లు వచ్చే ఊళ్లలో ఇది ప్రాణాల సంగతి. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం టర్బిడిటీ (మురికి) 1 ఎన్‌టీయూ దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 5 వరకూ ఒప్పుకుంటారు. ఇక్కడ ఫిల్టర్ దాటిన నీరే 20కి పైన ఉంది.

నేను వెళ్లేలోపు జరిగిన ప్రయత్నాలు

మొదటిది, రాత్రంతా ట్యాంకులో నీటిని నిలబెట్టి తెల్లారాక వదలడం. ఇది ఎందుకు పనిచేయలేదో అర్థం కావాలంటే నీటిలో రేణువు ఎలా దిగుతుందో చూడాలి.

నీటిలో పడిన రేణువును బరువు కిందికి లాగుతుంది. అది తొలగించిన నీటి మేరకు పైకి తోపు ఉంటుంది. కదలడం మొదలవగానే నీటి జిగట అడ్డుపడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ అడ్డు కూడా పెరుగుతుంది. మూడూ సరితూగిన క్షణం నుంచి రేణువు ఒకే వేగంతో దిగుతుంది. దాన్నే అంత్యవేగం అంటాం. చిన్న రేణువు ఆ వేగాన్ని దాదాపు పడగానే అందుకుంటుంది. చిన్న గోళాలకు ఈ లెక్కను జార్జ్ స్టోక్స్ 1851లో ప్రచురించాడు. అందులో మన పనికి కావలసిన ముక్క ఒక్కటే: వేగం వ్యాసానికి కాదు, వ్యాసం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. రేణువు పదో వంతైతే వేగం నూరో వంతవుతుంది.

30 డిగ్రీల నీటికి లెక్క కట్టి చూడండి. మిల్లీమీటరులో పదో వంతుండే సన్న ఇసుక సెకనుకు 8, 9 మిల్లీమీటర్లు దిగుతుంది, మూడు మీటర్ల ట్యాంక్ అడుగుకు సుమారు ఆరు నిమిషాల్లో చేరిపోతుంది. అందులో పదో వంతుండే ఒండ్రు రేణువుకు ఒక మీటరు దిగడానికి రెండున్నర గంటలు పడుతుంది. ఇంకో పదో వంతుకు తగ్గి ఒక మైక్రాన్ బంకమట్టి దగ్గరికొస్తే, అదే మీటరుకు పది రోజులు. మూడు మీటర్లకు నెల. అదీ నీరు పూర్తిగా కదలకుండా ఉంటేనే. పైగా బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి వాటంతట అవి ముద్ద కట్టవు. ఒక్క రాత్రి నిలబెడితే ఇసుక, ఒండ్రు దిగాయి, రంగు మాత్రం అలాగే ఉండిపోయింది. ఉండక తప్పదు.

మన అమ్మమ్మలు బిందె లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేవారు. బిందె లోతు ఒక అడుగే అయినా ఊరికే నిలబెడితే తేరుకోదని వాళ్లకు అనుభవంలో తెలుసు. రేణువులను ముద్ద కట్టించాలి. చిల్లగింజ చేసేదీ, పటిక చేసేదీ ఆ పనే.

రెండో ప్రయత్నం, పటిక పెంచడం. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

మూడోది, ట్యాంక్ లోపల నీరు వచ్చే చోట పైనుంచి ఒక చెక్క పలక దింపడం. నీటి జోరు తగ్గుతుందని వేశారు. నీరంతా పలక కింది సందులోంచి దూసుకెళ్లి అడుగున పేరుకున్న మడ్డిని రేపింది. రెండు రోజులకే తీసేశారట.

నాలుగోది ఇంకా కాగితం మీదే ఉంది: ట్యాంకును మరో మీటరు లోతు చేయాలని ఒక కాంట్రాక్టర్ ఇచ్చిన ఎస్టిమేట్. పంచాయతీ దాదాపు ఒప్పుకుంది కూడా. నేను ముందు తేల్చవలసింది ఇదే, ఎందుకంటే ఒకసారి తవ్వితే డబ్బు పోయినట్టే.

లోతా, వైశాల్యమా

లోతు పెంచితే నీరు ట్యాంకులో ఉండే సేపు పెరుగుతుంది. అది నిజమే. కానీ రేణువు దిగాల్సిన దూరం కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. చివరికి మిగిలే లెక్క ఇది: గంటకు వచ్చే నీటిని ట్యాంక్ పై వైశాల్యంతో భాగిస్తే ఒక వేగం వస్తుంది. అంతకంటే వేగంగా దిగే రేణువు అడుగుకు చేరుతుంది. నెమ్మదిగా దిగే వాటిలో కొంత భాగమే ఆగుతుంది, మిగతాది ఫిల్టర్ మీదికి పోతుంది. అమెరికన్ ఇంజనీర్ అలెన్ హేజెన్ 1904లో ఈ సంగతి స్పష్టంగా చూపించాడు. ముద్దలు దిగుతూ దిగుతూ పెద్దవవుతాయి కాబట్టి లోతుకు కొంత విలువ ఉన్నమాట వాస్తవమే. కానీ మూడు మీటర్లు ఉన్న చోట నాలుగో మీటరు తెచ్చే లాభం ఆ ఖర్చుకు తగదు.

మన ట్యాంక్ పై వైశాల్యం 30 చదరపు మీటర్లు. రోజుకు 1,200 ఘనపు మీటర్లు 24 గంటలూ సమానంగా వస్తే గంటకు 50. భాగిస్తే సెకనుకు 0.46 మిల్లీమీటర్లు. డిజైన్ కాగితంలో ఉన్నది ఇదే, చక్కగా ఉంది.

లాగ్‌బుక్ తెరిస్తే వేరే కథ కనిపించింది. త్రీఫేజ్ కరెంటు ఉండే వేళలు, ఆపరేటర్ ఒక్కడే ఉండటం చూసుకుని మొత్తం నీటిని 8 గంటల్లో తోడేస్తున్నారు. అంటే గంటకు 150 ఘనపు మీటర్లు, సెకనుకు 1.39 మిల్లీమీటర్లు. అంటే ట్యాంకును మూడోవంతుకు కుదించినంత పని జరిగింది. రోజు మొత్తం నీరు మారలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఎస్టిమేట్ పక్కన పెట్టమని సర్పంచ్ గారికి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "అయితే మరి ఏం చేయమంటారు?" అన్నారు. పటిక సంగతి తేలితే గానీ చెప్పలేనన్నాను.

గాజు సీసాల్లో

జిల్లా ల్యాబ్‌లో జార్ టెస్ట్ యంత్రం ఉంది, ఏ నీటికి ఎంత పటిక వేయాలో దానితో తేలుతుంది. కానీ వరద నీరు పూటకో తీరుగా మారుతుంది, శాంపిల్ అక్కడికి చేరేలోపు ఏరు ఇంకోలా ఉంటుంది. అందుకని ఒడ్డునే పెట్టాం. ఒకే ఆకారం ఉన్న లీటరు గాజు సీసాలు, కలపడానికి వెదురు పుల్లలు, వెనక టార్చిలైటు. పది గ్రాముల పటికను లీటరు నీటిలో కరిగిస్తే, ఆ ద్రావణం ఒక మిల్లీలీటరు వేస్తే లీటరుకు పది మిల్లీగ్రాముల మోతాదు. సిరంజీతో కొలవొచ్చు. ఒక నిమిషం గట్టిగా తిప్పి, ఆ తర్వాత పావుగంట మెల్లగా కలపాలి. ఆపైన ముట్టుకోకూడదు.

20 మిల్లీగ్రాముల సీసాలో పొడిలాంటి నలుసులు వచ్చాయి, దిగలేదు. 40లో ఇంకొంచెం పెద్దవి. 60లో ముద్దలు కట్టాయి గానీ దూదిపోగుల్లా వదులుగా ఉన్నాయి. 100 దగ్గర, అంటే వాళ్లు రోజూ వేస్తున్న మోతాదు దగ్గర, సీసా మొత్తం పాలిపోయిన మబ్బులా నిలిచిపోయింది. ఆపరేటర్ ఆ సీసానే చాలాసేపు చూశాడు.

పీహెచ్ కొలిస్తే 100 సీసాలో 5 కంటే తక్కువ ఉంది. దాంతో సంగతి బయటపడింది. పటిక ముద్ద కట్టాలంటే నీటిలో క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఉండాలి. ఒక మిల్లీగ్రాము పటిక సుమారు అర మిల్లీగ్రాము క్షారతను తినేస్తుంది. ఎండాకాలంలో ఏటిలో పారేది ఎక్కువగా ఊటనీరు, క్షారత బాగా ఉంటుంది. వరదలో వచ్చేది వాననీరు, అందులో క్షారత తక్కువ. ఆ రోజు కొలిస్తే లీటరుకు 36 మిల్లీగ్రాములు ఉంది. 100 మిల్లీగ్రాముల పటికకు 50 కావాలి. క్షారత అయిపోయింది, నీరు ఆమ్లమైపోయింది, పటిక ముద్ద కట్టకుండా కరిగిన అల్యూమినియంగా ఉండిపోయి ఫిల్టర్‌ను దాటుకుంటూ కుళాయిల దాకా వెళ్లింది. వగరుకు కారణం అదే. పటిక బాగా పనిచేసేది పీహెచ్ 6కు, 7.5కు మధ్యనే.

తర్వాతి వరసలో ముందు సున్నం, ఆ తర్వాత పటిక. 15 మిల్లీగ్రాముల సున్నం, 60 మిల్లీగ్రాముల పటిక ఉన్న సీసాలో జరిగినది చూడవలసిందే. మెల్లగా కలుపుతుండగా నీరు ముందు గరుకుగా మారింది, తర్వాత అందులో నలుసులు పుట్టాయి, ఆవగింజంత ముద్దలయ్యాయి. కలపడం ఆపగానే పెద్దవి ముందు బయల్దేరాయి. దిగుతూ దారిలో చిన్నవాటిని అంటించుకుంటూ పోయాయి. ముద్దకూ ముద్దకూ మధ్య అద్దంలాంటి నీరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ ముద్దలకు స్టోక్స్ సూత్రం నేరుగా వాడకూడదు. ఇవి గోళాలు కావు. లోపల ఎక్కువ భాగం నీరే కాబట్టి సాంద్రత నీటికంటే కొంచెమే ఎక్కువ. ముద్ద పెరిగేకొద్దీ అది ఇంకా వదులవుతుంది, అందువల్ల వర్గానికి తగ్గట్టు వేగం పెరగదు. లెక్క కట్టడం కాదు, కొలవడమే దారి. సీసా మీద 20 సెంటీమీటర్ల ఎడంతో రెండు గీతలు గీసి, మధ్యరకం ముద్దలను ఒక్కొక్కటిగా స్టాప్‌వాచ్‌తో చూశాం. సుమారు మూడున్నర నిమిషాలు పట్టింది. సెకనుకు 0.95 మిల్లీమీటర్లు.

ఇప్పుడు రెండు అంకెలను పక్కపక్కన పెట్టాను. ముద్ద దిగే వేగం 0.95. ట్యాంక్ అడిగే వేగం 1.39. అంటే పటిక, సున్నం ఎంత సరిగ్గా వేసినా, 8 గంటల్లో తోడితే ఇలాంటి ముద్దల్లో దాదాపు మూడోవంతు ఫిల్టర్ మీదికి వచ్చేస్తాయి. 16 గంటలకు పంచితే గంటకు 75 ఘనపు మీటర్లు, సెకనుకు 0.69. అప్పుడు ముద్దలు నెగ్గుతాయి. మందు సరిచేయకుండా గంటలు పెంచినా లాభం లేదు, గంటలు పెంచకుండా మందు సరిచేసినా లాభం లేదు. రెండూ కలిసి జరగాలి. సర్పంచ్ గారిని సీసాల దగ్గరికి తీసుకొచ్చి చూపించాక ఇది ఆయనకు వాదన లేకుండా అర్థమైంది.

ప్లాంటులో చేసిన మార్పులు

సున్నం మొదట్లో ఇబ్బంది పెట్టింది. పటిక డ్రమ్ములోనే సున్నం కూడా కలిపేశారు. రెండూ అక్కడే కొట్టుకుని తెల్లటి మడ్డి అయిపోయాయి, నీటికి అందింది ఏమీ లేదు. విడిగా వేసిన రోజున సున్నంలోని రాళ్లపొడి వల్ల మురికి ఇంకా పెరిగింది. సున్నాన్ని ముందు రోజే నానబెట్టి, పై తేటను గుడ్డలో వడకట్టి, ఇన్‌టేక్ బావి దగ్గరే వదలడం మొదలుపెట్టాక సర్దుకుంది. అక్కడి నుంచి పైపులో ప్రయాణించేలోపు బాగా కలిసిపోతుంది.

పటిక వేసే చోటు మార్చడం ఖర్చు లేని పని, ఫలితం మాత్రం పెద్దది. అప్పటిదాకా సెటిలింగ్ ట్యాంక్ మూతి దగ్గర డ్రమ్ము పెట్టి చుక్కలుగా వదిలేవారు. అది నీటిలో కలవనే కలవదు, ఒక చారలా పోతుంది. పైపు నుంచి ఇన్‌లెట్ తొట్టెలోకి నీరు మీటరు ఎత్తు నుంచి పడుతుంది కదా, ఆ పడే చోట వేయమన్నాను. పటిక పనంతా మొదటి కొన్ని సెకన్లలోనే ఉంటుంది. ఆ జోరు అక్కడ ఉచితంగా దొరుకుతోంది.

ఆ తర్వాత మెల్లగా కలవాలి. ఆవరణలో వాడకుండా వదిలేసిన 20 ఘనపు మీటర్ల తొట్టె ఒకటి ఉంది. అందులో బండపలకలు నిలబెట్టి నీరు ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి తిరిగేలా చేశాం. గంటకు 75 చొప్పున పారితే పదహారు నిమిషాలు, సీసాలో కలిపినంత సేపే. అక్కడి నుంచి ట్యాంకులోకి నీరు ఎక్కడా ఎత్తు నుంచి పడకూడదు. కష్టపడి కట్టిన ముద్ద ఒక్క దూకుడికి చిట్లిపోతుంది, మళ్లీ అంత బాగా కట్టదు.

ట్యాంక్ లోపల అడ్డదారి సంగతి మిగిలింది. నీటిని ఊళ్లకు పోనివ్వకుండా మళ్లించి, పర్మాంగనేట్ రంగు వదిలి చూస్తే 8 గంటల పంపింగ్ లెక్క ప్రకారం 36 నిమిషాలు ఉండాల్సిన నీరు ఎనిమిది నిమిషాలకే అవతలి చివర కనిపించింది. మట్టి కలిసిన నీరు మామూలు నీటికంటే బరువు కాబట్టి అడుగునే జారుతూ పోయి చివరి గోడ దగ్గర పైకి లేస్తోంది. చెక్క పలక దీన్నే ఇంకా పెంచింది. దాని బదులు వెడల్పంతా, లోతంతా చిల్లులున్న ఇటుక గోడ కట్టించాం. చిల్లులన్నిటి వైశాల్యం కలిపి ఒక చదరపు మీటరులో పదో వంతు. అంతకంటే తక్కువైతే నీరు చిమ్మి ముద్దలు విరుగుతాయి, ఎక్కువైతే నీరు సమానంగా పంచుకోదు. పంపింగ్ తగ్గించాక మళ్లీ రంగు వేస్తే మొదటి ఛాయ అరగంటకు వచ్చింది. పూర్తి లెక్క 72 నిమిషాలు, అయినా ఇలాంటి పాత ట్యాంకుకు అరగంట నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

ఎక్కువ మాటలు ఖర్చయింది మాత్రం 16 గంటల పంపింగ్ దగ్గరే. పెద్ద మోటారు వాల్వ్ బిగించి నీరు తగ్గించొచ్చు, కానీ కరెంటు దండగ. మూలన పడున్న పాత చిన్న మోటారు సరిగ్గా మనకు కావలసిన నీరే ఇస్తుందని తేలింది, బాగు చేయించాం. వరద నెలల వరకూ రెండో ఆపరేటర్‌ను పంచాయతీ పెట్టింది. లోతు ఎస్టిమేట్‌తో పోలిస్తే ఈ ఖర్చు చాలా తక్కువ.

ఫలితం, మిగిలిన పని

సెటిలింగ్ ట్యాంక్ దాటిన నీరు ఎక్కువ రోజులు 10 ఎన్‌టీయూ లోపే ఉంటోంది, ఫిల్టర్ దాటాక రెండు లోపు. బ్యాక్‌వాష్ రోజుకు ఒకసారికి వచ్చింది. పటిక రెండున్నర బస్తాల నుంచి ఒకటిన్నరకు తగ్గింది. వగరు ఫిర్యాదు మళ్లీ రాలేదు.

వరద మొదటి పూట ఇప్పటికీ కష్టమే. ఏరు గంటల్లో మారిపోతుంటే మోతాదు వెనకబడుతుంది. ఆ పూట వీలైతే పంపింగ్ ఆపి, ట్యాంకుల్లో ఉన్న నీటితో నెట్టుకురమ్మని చెప్పాను. తర్వాత ప్రతి పూటా సీసాల పరీక్ష, పీహెచ్, క్షారత రాసిపెట్టాలి. చలికాలంలోనూ ఒకసారి ముద్దల వేగం కొలవాలి. 30 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు వస్తే నీటి జిగట పాతిక శాతం పెరుగుతుంది, ఆ మేరకు ముద్దలు నెమ్మదిస్తాయి. అప్పుడు ఏరు తేటగానే ఉంటుంది కానీ అకాల వానొస్తే వానాకాలపు లెక్క పనికిరాదు.

ఊళ్లు పెరిగి రోజుకు 12 లక్షల లీటర్లు చాలని నాడు మళ్లీ లోతు మాట వస్తుంది. అప్పుడు ట్యూబ్ సెట్లర్లు చూడమని రాసిచ్చాను. ఏటవాలుగా పేర్చిన ఆ గొట్టాల్లో ముద్ద కొన్ని సెంటీమీటర్లు దిగితే చాలు, అడుగు తగులుతుంది. అదే 30 చదరపు మీటర్ల ట్యాంకులో దిగడానికి దొరికే వైశాల్యం కొన్ని రెట్లవుతుంది. అయితే వాటి మీద మడ్డి పేరుకుంటుంది, నెలకోసారైనా నీటిమట్టం దించి కడగాలి. ఆ కడిగే పని ఎవరిదో తేల్చుకున్నాకే కొనమన్నాను.